పాత విలాసపు బండి: వెల తగ్గును, పోషణ తగ్గదు



మన సంఘ పత్రికలో విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, ధాన్యపు ధరలను గూర్చియు వ్రాయుట వాడుక. నేడు నేను మోటారుబండిని గూర్చి వ్రాయబూనితిని. ఇది కర్షకుల పత్రికకు తగిన విషయమేనా యని కొందఱు శంకింపవచ్చును. గడచిన సర్వసభ్య సమావేశము ముగిసిన పిదప చెట్టు క్రింద కూడిన సభ్యులలో నలుగురైదుగురు మాటలాడుకొనుచుండిన విషయము ఇదియే. ఒకరి భూమి రహదారి క్రింద పోయి పరిహారము చేతికి వచ్చినది. ఇంకొకరి కుమారుడు పట్టణమున ఉద్యోగము చేయుచు, డెబ్బది లక్షల బండి పదునైదు లక్షలకే వచ్చుచున్నదని తండ్రిని తొందరపెట్టుచున్నాడు. మఱియొకరు అట్టి బండి కొఱకు సంఘమున అప్పు పుట్టునా యని కార్యదర్శి నడిగిరి. భూమి నమ్మగా వచ్చిన ధనము, భూమిని కుదువబెట్టి తెచ్చు ధనము ఏ దారిని పోవుచున్నదో యోచించుట మన పత్రికకు తగనిది కాదని నా తలంపు.

నా అభిప్రాయమును మొదటనే చెప్పెదను. పాత విలాసపు ఎస్.యు.వి. వెల ఏటేట తగ్గును. దాని పోషణవ్యయము తగ్గదు సరిగదా, పెరుగును. పదునైదు లక్షలకు వచ్చిన బండికిని డెబ్బది లక్షల బండి ఖర్చే పెట్టవలసి యుండును. ఈ సంగతి నెఱిగి, పోషణకు వేఱుగ ధనము తీసియుంచగలవాడు దానిని కొనవచ్చును. ఎఱుగక కొనువాడును, అప్పుచేసి కొనువాడును చెడుదురు. అట్టి కొనుగోలునకు సంఘము అప్పీయరాదు.

ఈ మాట పరుల బండిని చూచి చెప్పుట లేదు. నా బండిని చూచి చెప్పుచున్నాను. మూడేండ్ల క్రిందట మా పొలములో రెండెకరములు రహదారి విస్తరణకు పోగా పరిహారము వచ్చినది. ఇంట పెండ్లి తలపెట్టితిమి. వియ్యాలవారు పట్టణవాసులు. వాకిట మంచి బండి యుండిన గౌరవముగ నుండునని ఇంటివారు తలచిరి. నేనును తలచితిని గాన వారిపై నెపము వేయను. హైదరాబాదున ఒక పాతబండ్ల వర్తకునియొద్ద తొమ్మిదేండ్ల వయస్సు గలిగి 92,000 కిలోమీటర్లు తిరిగిన ఒక విదేశపు డీజిలు ఎస్.యు.వి.ని 16 లక్షల రూపాయలకు కొంటిని. క్రొత్తగా దాని వెల 70 లక్షల పైచిలుకు. ఎక్కి కూర్చుండగా పల్లకివలె నుండెను. తోలు ఆసనములు, పైకప్పున అద్దము, గతుకు తెలియని నడక చూచి మురిసితిని గాని ఇంజను మూత యెత్తి చూచుటకైన నాకు తోచలేదు. ఎద్దును కొనునపుడు పండ్లు లెక్కించి, సుడులు చూచి, నడిపించి, కాడి వేసి దున్నించి గాని బయానా ఈయని నేను, ఊరి యెడ్లన్నిటి వెల చేయు బండిని బఱ్ఱెను నీటిలో నుంచి బేరమాడినట్లు బేరమాడి తెచ్చితిని.

ఇరువది మాసములలో ఆ బండికి నేను చెల్లించిన చీటీల మొత్తమును దాచక ఇచట వ్రాయుచున్నాను:

టైర్లు నాలుగు: రూ. 1,12,000
ముందువైపు గాలితిత్తులు రెండు, కంప్రెసరు: రూ. 2,35,000
ఇంజను నూనె కాఱుట మాన్పుటకు: రూ. 64,000
ఇంజెక్టర్లు, డీజిలు పంపు బాగుసేతకు: రూ. 1,90,000
గేరుపెట్టె బాగుసేతకు: రూ. 1,45,000
బ్రేకులు, బ్యాటరీ, వాడుక సర్వీసులు: రూ. 1,24,000
మొత్తము: రూ. 8,70,000

ఇందులో డీజిలు చేరలేదు, బీమా చేరలేదు, పన్ను చేరలేదు. నెలకు 43,500 రూపాయలు పడినవి. ఆ కాలమున బండి తిరిగినది 11,000 కిలోమీటర్లు గాన, కిలోమీటరునకు 79 రూపాయలు మరమ్మతునకే పోయినవి. మన లెక్కలో చెప్పవలెనన్న, 2025-26 సంవత్సరమునకు సాధారణ రకము వరికి కేంద్రప్రభుత్వము ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలునకు 2,369 రూపాయలు. ఆ ధరకు 8,70,000 రూపాయలు 367 క్వింటాళ్ల ధాన్యపు వెల. ఎకరమునకు 25 క్వింటాళ్లు పండినవనుకొన్నను దాదాపు పదునైదెకరముల పంట. సేద్యపు ఖర్చు తీసివేయక మునుపటి మాట ఇది.

ఇట్లేల జరుగును? బండి వెల యొకటి, బండిలోని భాగముల వెల మఱియొకటి. క్రొత్తది 70 లక్షలైన బండి తొమ్మిదేండ్లకు 16 లక్షలగును. కాని దాని కంప్రెసరునకు తొమ్మిదేండ్లు నిండలేదు. మనము కొనబోవు కంప్రెసరు నిన్న కర్మాగారమునుండి వచ్చినది. అది 70 లక్షల బండికై చేయబడిన వస్తువు. తఱచుగా పరదేశమునుండి వచ్చును గాన దానిపై సుంకము పడును. దానిపై వస్తుసేవల పన్ను కలదు. 2025 సెప్టెంబరు 22 నుండి మోటారుబండ్ల విడిభాగములన్నిటిపై ఈ పన్ను నూటికి 18 రూపాయలుగా నిర్ణయింపబడినది. అంతకు ముందు పెక్కు భాగములపై 28 రూపాయలుండెను. ఈ తగ్గింపు మేలే యైనను లక్ష రూపాయల వస్తువును పదివేల వస్తువుగా అది చేయజాలదు. ఇంకొక సంగతి. పెద్ద మరమ్మతులు రాబోవు కాలమును మొదటి యజమాని ఎఱుగును. సంస్థవారి హామీ తీఱి, మరమ్మతుశాలవారు పెద్ద అంచనా వ్రాసి చేతికిచ్చిన నాడే పెక్కుమంది బండిని అమ్మివేయుదురు. వర్తకుడు మనకు చూపు తగ్గింపు వెలలో, రాబోవు మరమ్మతు వెల ముందే తీసివేయబడి యున్నది. మనము దానిని లాభమని భ్రమపడుదుము. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ యని సంతోషించుచు ఇల్లు చేరుదుము.

ఈ జాతి బండ్ల పుట్టుక తెలిసికొనినచో విషయము మఱింత విశదమగును. ఇంగ్లాండు దేశమున రోవర్ సంస్థవారు 1948లో వెలువరించిన ల్యాండ్ రోవర్ కర్షకుని బండి. ఆ సంస్థకు చెందిన మారిస్ విల్క్స్ తన పొలములో వాడుకొనుటకు తగిన బండిని గూర్చి చేసిన యోచననుండి అది పుట్టినది. పొలపు యంత్రములను దాని ఇంజనుతోనే త్రిప్పుకొను ఏర్పాటును అందు కలదు. అదే సంస్థ 1970లో రేంజ్ రోవర్‌ను వెలువరించినప్పుడు సైతము, బురద కాళ్లతో ఎక్కినను నీళ్లు కొట్టి కడుగుకొనుటకు వీలగు లోపలి అమరిక నుంచిరి. కాలక్రమమున అది ధనవంతుల బండి యయ్యెను. 1990ల ఆరంభమునుండి దానికి గాలితిత్తులు వచ్చెను. తరువాత తెరలు, మోటార్లు, సెన్సార్లు ఒకదానిపై ఒకటి చేరెను. 2008లో ఈ ల్యాండ్ రోవర్ సంస్థను జాగ్వార్‌తో గూడ మన దేశపు టాటావారే కొనిరి. జర్మనీవారి మెర్సిడీసు, బి.ఎం.డబ్ల్యు., ఆడీ సంస్థల ఎస్.యు.వి.లును ఈ త్రోవనే నడచినవి. ప్రతి సౌఖ్యము వెనుకను ఒక భాగము కలదు. ప్రతి భాగమునకు ఒక ఆయుర్దాయము కలదు. ఆ ఆయువు సామాన్యముగ రెండవ యజమాని చేతిలో తీఱును.

ఇక తఱచుగ వచ్చు చెడుగుల నొక్కొక్కదానిని వివరించెదను.

మొదటిది గాలితిత్తి. సామాన్యమైన బండిలో ఇనుప స్ప్రింగులు బరువును మోయును. ఎయిర్ సస్పెన్షన్ గల బండ్లలో ఆ పనిని రబ్బరు తిత్తులలోని గాలి చేయును. ఏండ్లు గడచిన రబ్బరు ముడుతలకడ పగులును. సన్నని చీలికనుండి గాలి పోవుచుండగా, దానిని పూరించుటకు కంప్రెసరు ఎడతెగక పని చేసి కాలిపోవును. ఇట్లు ఒక తిత్తి చెడి, తనతో కంప్రెసరును గూడ తీసికొనిపోవును. మొదటి చిహ్నము కనబడిన దినముననే తిత్తిని మార్చినచో రెండవ ఖర్చు తప్పును. నేను మూడు వారములు ఉపేక్షించి రెండు ఖర్చులను భరించితిని. కొనబోవువాడు ఆ బండిని రాత్రి సమతలమున నిలిపించి ఉదయమున చూడవలెను. ఒక మూల క్రుంగియున్నచో బేరము మానవలెను, లేదా ఆ ఖర్చును వెలలో తీసివేయవలెను. కొందఱు ఈ తిత్తులను తీసివేసి ఇనుప స్ప్రింగులు వేయించుకొనుచున్నారు. ఖర్చు తగ్గును, ఏ నడకను చూచి బండిని కొంటిమో ఆ నడక పోవును.

రెండవది ఇంజను. ఇచట భాగపు వెల కంటె దానిని చేరుటకగు కూలియే ఎక్కువ. మెర్సిడీసు వారి ఎం.ఎల్., జి.ఎల్. బండ్లలో వచ్చిన ఓ.ఎం. 642 అను ఆఱు సిలిండర్ల డీజిలు ఇంజనును దృష్టాంతముగ తీసికొందము. అందు నూనెను చల్లార్చు పరికరము రెండు వరుసల సిలిండర్ల నడిమి పల్లమున నున్నది. దాని రబ్బరు సీళ్లు వేడికి గట్టిపడి నూనె కాఱుట అందఱెఱిగిన చెడుగు. సీళ్ల వెల స్వల్పము. వానిని చేరుటకు టర్బోను, గాలిగొట్టములను విప్పవలెను. ఆడీ క్యూ7 యొక్క మూడు లీటర్ల డీజిలు ఇంజనులోను, బి.ఎం.డబ్ల్యు. వారి ఎన్47, ఎన్57 డీజిలు ఇంజనులలోను టైమింగు గొలుసు ఇంజను వెనుకవైపున, గేరుపెట్టె ప్రక్కన నున్నది. గొలుసు సాగి గలగలలాడినచో ఇంజనునో గేరుపెట్టెనో దింపనిదే దానిని చేరరాదు. ల్యాండ్ రోవర్ డిస్కవరీ, రేంజ్ రోవర్ స్పోర్టు బండ్లకు వేసిన 2.7, 3.0 లీటర్ల వి6 డీజిలు ఇంజనులలో కొన్నింట బేరింగులు చెడి క్రాంకుదండమే విఱిగిన ఉదంతములు కలవు. అట్టి యెడ మరమ్మతు లేదు, క్రొత్త ఇంజనే. కావున ఉదయమున చల్లని ఇంజనును మన యెదుటనే ప్రారంభింపించి మొదటి నిమిషపు చప్పుడు వినవలెను. మనము చేరుసరికి ఇంజనును ముందే వేడిచేసి యుంచిన వర్తకుని బండి కొనరాదు.

మూడవది గేరుపెట్టె. విలాసపు బండ్లలో పెక్కింటికి జర్మనీ దేశపు జెడ్.ఎఫ్. సంస్థవారు చేసిన ఆటోమేటిక్ గేరుపెట్టెలు వచ్చును. అందలి నూనెను బండి బ్రదికినంత కాలము మార్చనక్కఱలేదని బండి చేసినవారు చెప్పుట కలదు. గేరుపెట్టె చేసిన జెడ్.ఎఫ్. వారు మాత్రము 80,000 మొదలు 1,20,000 కిలోమీటర్ల నడుమనో, ఎనిమిదేండ్లకో మార్చుమని చెప్పుచున్నారు. పాతబండి కొనువాడు వినవలసినది రెండవ మాటయే. నూనె మార్చుటకు వేలు చాలును. మార్చక చెడిన పెట్టెకు లక్షలు కావలెను. దీనితో ముడిపడినది టైర్ల సంగతి. నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు బండ్లలో నాలుగు టైర్లును ఒకే రకముగను, దాదాపు సమముగ అఱిగినవిగను ఉండవలెను. రెండు క్రొత్తవి, రెండు పాతవి వేసి నడిపినచో చక్రములు భిన్నవేగములతో తిరిగి, బలమును పంచు ట్రాన్స్‌ఫర్ కేసు అను పెట్టె దెబ్బతినును. రెండు టైర్ల ధర మిగుల్చుకొనబోయి పెట్టెను పోగొట్టుకొనినవారు కలరు.

నాలుగవది డీజిలు. ఇది మన కర్షకులు ప్రత్యేకముగ గమనింపవలసినది. ట్రాక్టరు కొఱకు మనము పీపాలలో డీజిలు నిలువయుంచుదుము. వానకాలమున పీపాలోనికి చెమ్మ చేరి నీరు అడుగున నిలుచును. పాత ట్రాక్టరు దానిని కొంత సహించును. ఈ బండ్ల ఇంజెక్టర్లు 1,600 బారుల పైబడిన ఒత్తిడితో, వెండ్రుకవంటి సన్నని రంధ్రములనుండి డీజిలును చిమ్మును గాన నీటిని సహింపవు. ఒక రాత్రి బంకు దూరమని పీపాలోని డీజిలు పోయించితిని. పై లెక్కలోని 1,90,000 రూపాయలు ఆ రాత్రి ఫలితము. మఱియు, పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ గల బండ్లు కలవు. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమలైన బి.ఎస్.6 నిబంధనల తరువాతి డీజిలు కార్లలో ఇది కలదు. అంతకు పూర్వపు విలాసపు బండ్లలోను కొన్నింట కలదు. ఆ మసి కాలిపోవుటకు బండి అప్పుడప్పుడు చాలసేపు వేగముగ నడువవలెను. ఇంటినుండి పొలమునకు, పొలమునుండి సంఘమునకు రెండేసి కిలోమీటర్లు తిరుగు బండికి ఆ వేడి పుట్టదు. జల్లెడ పూడును. అనగా, మన వాడుకయే ఆ బండికి సరిపడనిది.

ఐదవది విద్యుత్తు తీగలు. పైకప్పున అద్దము గల బండ్లలో వాననీరు పోవుటకు మూలలందు సన్నని గొట్టములుండును. ఆకులు, దుమ్ము అడ్డుపడినచో ఆ నీరు బండిలోనికి దిగి, తివాసి క్రింద నున్న నియంత్రణ పెట్టెలను తడుపును. తరువాత ఒక దీపము వెలుగదు, ఒక అద్దము దిగదు, తెరపై హెచ్చరికలు ఆరవు. కారణము వెదకుటకే రోజులు పట్టును. ఆ రోజుల కూలి మనదే. ధాన్యపు కొట్టు ప్రక్కన బండి నిలిపినచో ఎలుకల బెడద అదనము. తీగలను కొఱికిన ఎలుకకు అది ట్రాక్టరో, విలాసపు బండియో భేదము లేదు. భేదము చీటీలో తెలియును.

బండి చేసిన సంస్థలే ఒప్పుకొని సరిచేసిన లోపములును కొన్ని కలవు. 2018లో దక్షిణ కొరియాలో బి.ఎం.డబ్ల్యు. డీజిలు కార్లు పెక్కు మంటలలో చిక్కెను. పొగను మఱల ఇంజనునకు పంపు ఏర్పాటులోని చల్లార్చు పరికరమునుండి ద్రవము కాఱుట అందుకు హేతువని చెప్పి, లక్షకు పైగా బండ్లను సంస్థవారు ఆ దేశమున వెనుకకు పిలిచిరి. ఇట్టి పిలుపులు ఏ సంస్థకైనను వచ్చుచుండును. మనము కొనబోవు బండి యొక్క ఛాసిస్ సంఖ్యను ఆ సంస్థ సర్వీసుశాలలో చూపి, అట్టి పని మిగిలియున్నదేమో విచారించిన తెలియును. ఆ పనికి సామాన్యముగ రుసుము తీసికొనరు.

ఇక కాగితములు. పదేండ్లు దాటిన డీజిలు బండ్లు ఢిల్లీ పరిసరములలో తిరుగరాదని 2015లో జాతీయ హరిత న్యాయస్థానము ఉత్తరువిచ్చెను. 2018 అక్టోబరున సుప్రీముకోర్టు దానిని బలపఱచెను. అందువలన అచటి విలాసపు డీజిలు బండ్లు చౌకయై ఇతర రాష్ట్రములకు వచ్చెను. కేవలము వయస్సును బట్టి యజమానులపై కఠినచర్య తీసికొనవలదని 2025 ఆగస్టులో సుప్రీముకోర్టు చెప్పినను, ముందే వచ్చి చేరిన బండ్లు మన నడుమ తిరుగుచునే యున్నవి. పరరాష్ట్రపు బండి పండ్రెండు మాసములకు మించి ఇచట నుండినచో క్రొత్త సంఖ్య తీసికొనవలెనని 1988 మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను చెప్పుచున్నది. దానికి నిరభ్యంతర పత్రము కావలెను. జీవితకాలపు పన్ను చెల్లింపవలెను. ఈ ఖర్చును బేరమునాడు ఎవరును చెప్పరు. వరదలో మునిగిన బండ్లును అంగడికి వచ్చుచుండును. హైదరాబాదున 2020 అక్టోబరులోను, విజయవాడలో 2024 సెప్టెంబరు నాటి బుడమేరు వరదలోను నీట మునిగిన కార్లు లెక్కకు మిక్కిలి. ఆసనముల క్రింది పట్టాలలో త్రుప్పు, బెల్టును చివరిదాక లాగినపుడు బురద మరక కనబడినచో మఱుమాట లేక వెనుదిరుగవలెను.

బీమా కలదు గదా యని ధైర్యము చెప్పువారు కలరు. బీమా ప్రమాదమునకు గాని అఱుగుదలకు కాదు. పగిలిన గాలితిత్తికిని, సాగిన గొలుసునకును బీమావారు చెల్లింపరు. ప్రమాదమున చెడిన రబ్బరు, ప్లాస్టిక్ భాగములకును సాధారణపు పాలసీలో సగము వెలను తరుగుగ తీసివేయుదురు. పదేండ్లు దాటిన బండికి లోహభాగముల వెలలోను సగము తీసివేయుదురు.

ఇంత చెప్పగా, "రైతు మంచి బండి నెక్కరాదా? పట్టణపు వర్తకుడు ఎక్కవచ్చును గాని అన్నము పెట్టువాడు ఎక్కరాదా?" యని నన్నొక సభ్యుడు సూటిగా ప్రశ్నించెను. ఆ ప్రశ్నలోని బాధ నేనెఱుగుదును. జీవితమంతయు దుమ్ములోను బురదలోను గడపినవాడు ఒక్కమారు మెత్తని ఆసనమున కూర్చుండగోరుట నేరము కాదు. ఈ బండ్లు మంచివి కావనియు నేను చెప్పను. నా బండి బాగుండిన దినములలో రాత్రివేళ రోగిని విజయవాడకు తీసికొనిపోయితిని. ఆ రోగి దారిలో నిదురించెను. అట్టి నడక మఱియొక బండిలో నేను చూడలేదు. కాని గౌరవము బండిలో లేదు. బండి కదలుచున్నంత కాలమే ఆ గౌరవము. పెండ్లి వాకిట ఒక మూల క్రుంగి కూలబడిన బండిని చూచి వియ్యాలవారు అడిగిన కుశలప్రశ్నలు నాకింకను గుర్తున్నవి. ఎక్కరాదని కాదు, లెక్కింపక ఎక్కరాదని నా మాట.

కొనుటకే నిశ్చయించినవారికి నా యనుభవమునుండి నాలుగు సూచనలు. ఒకటి: ఆ జాతి బండ్లు బాగుచేయు మరమ్మతుశాల మీకు ఎన్ని మైళ్లలో నున్నదో ముందు తెలిసికొనుడు, లారీపై నెక్కించి పంపు ఖర్చు గూడ పోషణయే. రెండు: వర్తకునితో సంబంధము లేని మిస్త్రీచేత బండిని పైకెత్తించి, కంప్యూటరు తగిలించి పరీక్షింపుడు. అందుకగు కొద్ది వేల రూపాయలకు వెనుదీయవలదు. ఆ పరీక్షకు ఒప్పుకొనని వర్తకుని బండి మనకు వలదు. మూడు: సర్వీసు చరిత్ర కాగితములు లేని బండి, ఎంత మెఱయుచున్నను, చరిత్ర లేని బండియే. నాలుగు: కొనువెలలో కనీసము మూడవవంతు మొదటి రెండేండ్ల మరమ్మతుల కొఱకు సంఘమున డిపాజిటు చేసి యుంచుడు. నాకు సగము దాటినది. పదునైదు లక్షలున్నవాడు పది లక్షల బండినే కొనవలెను. తక్కిన ఐదు లక్షలు బండివే యని తలపవలెను. అట్లుంచుటకు మనసొప్పనివాడు, లేక వీలులేనివాడు, మన పట్టణములలో ప్రతి మిస్త్రీయు ఎఱిగిన మహీంద్రా, టయోటా బండ్లవంటివి కొనుక్కొనుట మేలు. వానికిని మరమ్మతు వచ్చును. కాని భాగము సాయంత్రమునకు దొరకును, ఖర్చు పంటను మింగదు. విలాసపు బండి కొన్నవారును సంస్థవారి సర్వీసుశాల నొక్కదానినే నమ్మనక్కఱలేదు. బండి చేసినవారి ముద్ర లేకున్నను, ఆ భాగమును మొదట చేసి యిచ్చిన కర్మాగారము తన పేరిట అమ్మునది తక్కువ వెలకు దొరకును.

సంఘమునకు నా విన్నపము మూడు విధములు. పాత విలాసపు బండ్లకు భూమి తనఖాపై గాని, పంటరుణపు మిగులునుండి గాని అప్పీయరాదని తీర్మానింపవలెను. బంగారమును కుదువబెట్టి అప్పు తెచ్చి, ఆ అప్పుతో మరమ్మతు చేయించు స్థితికి సభ్యుని తెచ్చుట పరపతి గాదు. అప్పు చేసి పప్పుకూడు తినవలదనిన పెద్దలు, అప్పు చేసి గాలితిత్తులు కొనుమనియుందురా? రెండవది, బండ్లు గల సభ్యులు తమ మరమ్మతు చీటీల నకళ్లను సంఘ కార్యాలయమున నుంచిన, కొనబోవువారు వానిని చూచుకొందురు. ఏ పత్రికలోను దొరకని సమాచారము మనయొద్దనే యున్నది; మన మొగమాటమే దానిని దాచుచున్నది. మూడవది, విత్తనపు మొలకశాతమును పరీక్షించి చెప్పినట్లే, సభ్యుడు కొనబోవు బండిని పరీక్షింపగల నమ్మకమైన మిస్త్రీ నొకనిని సంఘము కుదుర్చుకొనవలెను. రుసుము సభ్యుడే చెల్లించును.

నా చీటీల నకళ్లను మొదటగ నేనే కార్యాలయమున ఇచ్చితిని. ఎందుకనగా, గత సంవత్సరము నా బండిని అమ్మజూపినప్పుడు మన సంఘములోని ఒక యువసభ్యుడే వచ్చెను. బండి కడిగి మెఱయుచుండెను. ఆ దినమున నాలుగు మూలలును నిటారుగ నిలిచెను. అతడు 11 లక్షలకు ఒప్పుకొని బయానా చేత పట్టుకొనెను. అతని తండ్రిని నేనెఱుగుదును. ఆ ధనము ఏ పొలమునుండి వచ్చినదో గూడ ఎఱుగుదును. బయానా అందుకొనక, చీటీల కట్టను అతని ముందుంచితిని. అతడు ఒక్కొక్కటియే చూచి, మొత్తము కూడి, మాటలాడక బయానాను జేబులో పెట్టుకొని వెడలిపోయెను. తరువాత ఆ బండిని విడిభాగముల కొఱకు కొనువారికి ఏడున్నర లక్షలకు ఇచ్చితిని. కొన్న వెల, మరమ్మతులు కూడి, అమ్మిన వెల తీసివేయగా నాకు పోయినది 17,20,000 రూపాయలు. నిజము చెప్పుటచే అందులో మూడున్నర లక్షలు పోయినవని ఇంట ఒకరిద్దఱు నొచ్చుకొనిరి. అవి నా తప్పునకు నేను చెల్లింపవలసిన వెలయే, అతడేల చెల్లింపవలెను?

ఆ యువసభ్యుడు ఇటీవల ఒక చిన్న బండిని కొనెను. సంఘమునకు దానిలోనే వచ్చుచున్నాడు. నన్ను చూచినప్పుడెల్ల దిగి పలుకరించును.